రిస్టోర్ చేసిన విదేశీ సినిమాల డిస్కులు: ఎంచుకోవడం, ఆడించడం, దాచడం

ఒకే సినిమాను నాలుగు దేశాల్లో నాలుగు కంపెనీలు డిస్కుగా వేస్తాయి. నాలుగు అట్టల మీదా "సరికొత్త 4కె రిస్టొరేషన్" అనే రాసి ఉంటుంది. తీరా పెట్టి చూస్తే ఒకదాంట్లో మబ్బులు తెల్లగా ఉంటాయి, ఇంకోదాంట్లో పసుపు పూసినట్టుంటాయి. ఒకదాంట్లో అసలు మోనో (ఒకే ఛానల్ ధ్వని) వినిపిస్తుంది, మరోదాంట్లో ఎవరో కొత్తగా కలిపిన చప్పుళ్లు. అందుకని అట్టనూ కంపెనీ పేరునూ కాసేపు పక్కనపెట్టి, ఈ డిస్కులోకి ఎక్కించిన మాస్టర్ (డిస్కుకు ఆధారమైన తుది డిజిటల్ కాపీ) ఏది, దాన్ని దేన్నుంచి తయారుచేశారు అని అడగాలి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

దేన్నుంచి స్కాన్ చేశారు

"రిస్టోర్డ్", "రీమాస్టర్డ్" అన్న మాటలకు కొలత ఏమీ లేదు. పాత హెచ్‌డీ మాస్టర్ మీద నాలుగు గీతలు తుడిచినా అదే మాట, నెలల తరబడి ఫ్రేము ఫ్రేముకీ పనిచేసినా అదే మాట. స్కాన్ చేసిన ఫిల్మ్ ఏ తరానిదో చూస్తేనే తేడా తెలుస్తుంది. కెమెరాలో తిరిగిన ఒరిజినల్ నెగటివ్ మొదటి మెట్టు. దాన్నుంచి ఇంటర్‌పాజిటివ్ తీస్తారు, నలుపు తెలుపు సినిమాకైతే దాన్నే ఫైన్‌గ్రెయిన్ అంటారు. దాన్నుంచి డూప్ నెగటివ్, దాన్నుంచి థియేటర్లకు వెళ్లే ప్రింట్లు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ సన్నటి వివరం పోతుంది, కాంట్రాస్ట్ ముదురుతుంది, చీకటి మూలల్లో ఏముందో కనపడదు. 35 ఎంఎం నెగటివ్‌ను 4కెలో (అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కల వివరంతో) స్కాన్ చేస్తే ఆ 4కెకి అర్థముంది. అరిగిన ప్రింటును 4కెలో స్కాన్ చేస్తే ఆ అరుగుదలే మరింత బాగా కనిపిస్తుంది. 16 ఎంఎంలో తీసిన సినిమాకు 2కె స్కాన్ చాలావరకు సరిపోతుంది, ఆ అంకె చూసి వదిలేయక్కర్లేదు.

అలాగని నెగటివ్ మిగలని సినిమాలు కొనొద్దని కాదు, దేన్నుంచి ఎంత ఆశించాలో తెలియడానికే ఇదంతా. ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' అసలు నెగటివ్ మంటల్లో పోయింది. ఇప్పుడు దొరికే మేలైన డిస్కు కూడా తర్వాతి తరం ఫిల్మ్ నుంచి వచ్చిందే. ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్'లో పోయాయనుకున్న దృశ్యాలు 2008లో బ్యూనస్ ఐరిస్‌లోని ఒక మ్యూజియంలో 16 ఎంఎం కాపీలో బయటపడ్డాయి. 2010 రిస్టొరేషన్‌లో ఆ ముక్కలు వచ్చినప్పుడల్లా తెరంతా గీతలు పడుతుంది, బొమ్మ ఓ పక్క కుదించుకుపోతుంది. దాన్ని చూసి డిస్కు పాడైందని వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు. ఇక విస్కాంటి 'ద లెపర్డ్' ఇంకో కొస: అది టెక్నిరామాలో తీసిన సినిమా. ఫిల్మ్ కెమెరాలో అడ్డంగా నడుస్తుంది కాబట్టి నెగటివ్ ఫ్రేము మామూలు 35 ఎంఎం కంటే బాగా పెద్దది. 2010లో రిస్టోర్ చేసినప్పుడు దాన్ని 8కెలో స్కాన్ చేశారు. అలాంటి సినిమాకు మంచి డిస్కు కోసం ఇంకాస్త ఖర్చుపెట్టినా దండగ కాదు.

ఈ వివరాలు దొరికే చోట్లు మూడు: కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ డిస్కు పేజీ, లోపలి బుక్‌లెట్ చివర్లో మాస్టర్ గురించి రాసిన పేరా, సినిమా మొదలయ్యే ముందు వచ్చే కార్డు. ఏ ఫిల్మ్‌ను, ఏ ల్యాబ్‌లో, ఏ సంవత్సరం, ఎవరి పర్యవేక్షణలో అన్న నాలుగూ రాస్తే నమ్మొచ్చు. "హక్కుదారు అందించిన హెచ్‌డీ మాస్టర్" అన్న ముక్క ఒక్కటే ఉంటే, ఆ కంపెనీ తనుగా ఏమీ చేయలేదని, వచ్చినదాన్ని వచ్చినట్టే ఎక్కించిందని అర్థం. ఆ మాస్టర్ పదిహేనేళ్ల కిందటిదైనా కావచ్చు.

రంగు, గ్రెయిన్

మాస్టర్ కొత్తదైనంత మాత్రాన రంగు సరైనదని కాదు. బొలోన్యాలోని ఇమాజినే రిట్రొవాటా ల్యాబ్ లెక్కలేనన్ని సినిమాలను బతికించింది, కానీ అక్కడి పనుల్లో కొన్నింటికి పసుపు ఛాయ ఎక్కువన్న విమర్శ సేకర్తల్లో చాలాకాలంగా ఉంది. దర్శకుడే సంతకం పెట్టినా గొడవ తీరదు. వాంగ్ కార్-వై సినిమాల సెట్ 2021లో వచ్చినప్పుడు చాలా సినిమాల రంగులు ఆయనే మార్చారు. 'ఫాలెన్ ఏంజెల్స్'ను ఏకంగా 1.85 నుంచి 2.39 నిష్పత్తికి (ఎత్తుకు వెడల్పు ఎన్ని రెట్లో చెప్పే అంకె) మార్చారు. ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారో తన సినిమాలను 2.00 నిష్పత్తికి మార్పించారు. "దర్శకుడు ఆమోదించిన" అన్న మాట ఉంటే, ఆయన ఇప్పటి ఇష్టమేమిటో తెలుస్తుంది, అంతే. థియేటర్లో విడుదలైన రూపం కావాలంటే పాత డిస్కును అమ్మేయకుండా అట్టేపెట్టుకోవడమే దారి.

డిస్కుల మధ్య తేడా చూడాలంటే డీవీడీ బీవర్, బ్లూ-రే డాట్ కామ్, క్యాప్స్-ఎ-హాలిక్ లాంటి సైట్లలో ఒకే ఫ్రేమును వేర్వేరు డిస్కుల నుంచి తీసి పెడతారు. రెండు బొమ్మలను రెండు ట్యాబుల్లో తెరిచి, నూరు శాతం సైజులో పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ చూడండి. ముందు తెల్లటివి చూడాలి: చొక్కా కాలరు, కాగితం, మబ్బు, పళ్లు. తెలుపు పసుపుకో ఆకుపచ్చకో ఒరిగి ఉంటే సినిమా అంతా ఒరిగే ఉంటుంది. సాయంకాలం దృశ్యం, దీపపు వెలుగు దృశ్యం లెక్కలోకి తీసుకోవద్దు, పట్టపగలు తీసిన ఫ్రేమునే చూడండి.

తర్వాత ఉన్ని కోటు మీదికి రండి. మంచి మాస్టర్‌లో నేత పోగులు విడివిడిగా కనిపిస్తాయి, వాటి మీద సన్నటి గ్రెయిన్ (ఫిల్మ్ మీది చుక్కలు) ఆడుతుంటుంది. గ్రెయిన్ అంటే చెత్త కాదు, ఫిల్మ్ మీది బొమ్మే దాంతో తయారైంది. నాయిస్ రిడక్షన్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని తుడిచేస్తే కోటు మైనం ముద్దలా, ముఖం మేకప్ వేసిన బొమ్మలా తేలుతుంది. తుడిచిన సంగతి దాచడానికి షార్ప్‌నెస్ పెంచితే భుజం అంచు వెంట తెల్లటి గీత మెరుస్తుంది. స్టిల్లులో ఇది పట్టుకోవడం కష్టమనిపిస్తే ఒక ఖాళీ గోడ ఉన్న షాట్ ఆడించి చూడండి. గ్రెయిన్ ఫ్రేముకో తీరుగా కదలాలి. మనిషి కదిలినా గోడ మీది గ్రెయిన్ అద్దం మీద మరకలా అక్కడే అంటుకుని ఉంటే తుడిచారన్నమాట.

ఒక జాగ్రత్త. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) డిస్కు నుంచి తీసిన స్టిల్లులు మామూలు తెర మీద వెలవెలబోతాయి, లేదా మరీ నల్లగా కనిపిస్తాయి. మార్పిడిలో అలా అవుతుంది. వాటిని బట్టి వెలుగునూ రంగునూ తీర్పు చెప్పొద్దు, వివరం మాత్రం పోల్చుకోవచ్చు.

డిస్కులో చోటు ఎంత

గ్రెయిన్ బతకాలంటే బిట్‌రేటు (సెకనుకు వెళ్లే డేటా) కావాలి. ఫ్రేముకో తీరుగా మారే చుక్కల్ని కుదించడం ఎన్‌కోడర్‌కు చాలా కష్టం, చోటు చాలకపోతే అవి చదరపు గడులై కూర్చుంటాయి. చీకటి ఆకాశంలో, పొగమంచులో ఇది ముందు కనిపిస్తుంది. లెక్క తేలికే: రెండు గంటల సినిమాను సెకనుకు 30 మెగాబిట్లతో ఎక్కిస్తే బొమ్మకే 27 గిగాబైట్లు. ఒక పొర బ్లూ-రేలో పట్టేది 25. కాబట్టి రెండు గంటల సినిమా, గంటసేపటి ఇంటర్వ్యూలు కలిపి ఒక పొర డిస్కులో ఇరికించారంటే కొనేముందు స్టిల్లులు చూసి తీరాలి. రెండు పొరల డిస్కు 50 గిగాబైట్లది. 4కె యూహెచ్‌డీలు (బ్లూ-రే తర్వాతి తరం డిస్కులు) 50, 66, 100 గిగాబైట్ల సైజుల్లో వస్తాయి. సెకనుకు 80 మెగాబిట్లతో రెండు గంటలంటే 72, అంటే 100 డిస్కే దిక్కు. అట్ట మీద ఈ సంగతి రాయని కంపెనీలే ఎక్కువ. సమీక్షల్లో బీడీఇన్ఫో రిపోర్టు అని ఒక పట్టిక ఇస్తారు, డిస్కు సైజు, సగటు బిట్‌రేటు అందులో ఉంటాయి.

మాట, నిడివి, వేగం

పాత సినిమాకు మొదట వెతకాల్సింది అసలు మోనో ట్రాక్. 5.1కి (ఆరు ఛానళ్ల ధ్వనికి) మార్చిన ట్రాక్ అదనంగా ఉంటే ఉండనివ్వండి, అదొక్కటే ఉంటే కొనకండి. తార్కోవ్‌స్కీ 'స్టాకర్' పాత డీవీడీ ఒకదాంట్లో 5.1 కోసం అసలు లేని చప్పుళ్లు కలిపారు. నిశ్శబ్దమే ప్రాణమైన సినిమాకు ఇంతకంటే అన్యాయం లేదు.

ఇటలీ సినిమాల విషయంలో "ఒరిజినల్ గొంతు" అని పట్టుబట్టి లాభం లేదు. అక్కడ దశాబ్దాల పాటు మాటలు తర్వాతే డబ్ చేసేవారు, వేర్వేరు దేశాల నటులు సెట్‌లో ఎవరి భాష వాళ్లు మాట్లాడేవారు. 'ద లెపర్డ్' ఇటాలియన్ రూపంలో బర్ట్ లాంకాస్టర్‌కు వేరే గొంతే. ఇంగ్లీష్ రూపంలో ఆయన గొంతు ఉంటుంది గానీ, అది 161 నిమిషాలకు కోసేసింది. ఇటాలియన్‌ది 185. ఇలాంటప్పుడు భాష కంటే ముందు నిడివి చూసుకోవాలి.

నిడివి దగ్గర ఇంకో చిక్కు ఉంది. యూరప్ డీవీడీలు సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తాయి, సినిమా తీసింది 24తో. అందుకే వంద నిమిషాల సినిమా ఆ డీవీడీలో 96 నిమిషాలే, గొంతులూ కాస్త సన్నబడతాయి. అట్ట మీద నాలుగు నిమిషాలు తక్కువ కనిపించగానే సెన్సారు కోసిందని హడావిడి పడొద్దు. బ్లూ-రేలు ఎక్కువగా 24 మీదే ఉంటాయి కాబట్టి ఈ బాధ పోయినట్టే.

మూకీలకు ఒకే వేగం అంటూ లేదు. డ్రయర్ 'ద పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' ప్రింటు 1981లో నార్వేలోని ఒక మానసిక చికిత్సాలయంలో దొరికింది. దాన్ని 24 ఫ్రేముల వేగంతో నడిపితే సుమారు 81 నిమిషాలు, 20తో నడిపితే 97. రెండు వేగాలూ ఇచ్చే డిస్కులున్నాయి, అవే తీసుకోండి. బ్లూ-రే ప్రమాణంలో 20 అనే వేగమే లేదు కాబట్టి కొన్ని ఫ్రేములను రెండుసార్లు చూపిస్తారు. నడకలో చిన్న తొట్రుపాటు కనిపిస్తే కారణం అది.

సబ్‌టైటిల్స్ గురించి ఒక్కటే: మీకు వచ్చే భాషలో ఉన్నాయో లేదో కంపెనీ పేజీలో చూడందే డబ్బు కట్టొద్దు. ఫ్రాన్స్, జపాన్ డిస్కుల్లో అద్భుతమైన మాస్టర్లుంటాయి, చాలావాటిలో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉండవు.

రీజియన్ తాళం, ప్లేయర్

డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో కట్టడిచేసే తాళమే రీజియన్. బ్లూ-రేకు అవి మూడు. ఎ: ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా. బి: యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా, ఆస్ట్రేలియా. సి: భారత్, చైనా, రష్యా, మధ్య ఆసియా. సికి మాత్రమే తాళం వేసిన ఆర్ట్ సినిమా డిస్కు దాదాపు కనపడదు, కాబట్టి సి ప్లేయర్ ఉన్నవారికి ఎ, బి తాళాలు రెండూ అడ్డమే. డిస్కులు వేసే కంపెనీల్లో క్రైటీరియన్ అమెరికా డిస్కులు ఎ. బీఎఫ్‌ఐ, మాస్టర్స్ ఆఫ్ సినిమా డిస్కులు ఎక్కువగా బి. సెకండ్ రన్ బ్లూ-రేలకు తాళం వేయదు. 4కె యూహెచ్‌డీకి అసలు రీజియన్ లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడుతుంది. అయితే అదే డబ్బాలో వచ్చే బ్లూ-రేకు తాళం ఉండొచ్చు, అదనపు ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు ఉండేది తరచుగా ఆ డిస్కులోనే. 4కె ఆడుతుంది కదా అని కొని, సగం సరుకు చూడలేకపోవడం ఇలాగే.

అందుకే డిస్కుల కంటే ముందు రీజియన్ ఫ్రీ ప్లేయర్ కొనుక్కోవాలి. మామూలు ప్లేయర్‌లో చిన్న హార్డ్‌వేర్ మార్పు చేసి అమ్మేవాళ్లుంటారు. కొనేటప్పుడు అడగాల్సినవి: డీవీడీకీ బ్లూ-రేకీ రెండింటికీ తాళం తీశారా, రీజియన్ తనంతట తను మారుతుందా రిమోట్‌తో మార్చాలా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే మార్పు చెరిగిపోతుందా. డీవీడీకి మాత్రమే తాళం తీసి "మల్టీ రీజియన్" అని అమ్మేవి బోలెడున్నాయి. గేమ్ కన్సోళ్లు 4కె డిస్కు ఆడిస్తాయి గానీ బ్లూ-రే రీజియన్ మార్చే వీలుండదు. కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్‌లో రీజియన్‌ను ఐదుసార్లే మార్చగలం, ఆరోసారి చివరిదాని మీదే నిలిచిపోతుంది. మంచి ప్లేయర్ల తయారీ ఏటా తగ్గుతోంది, పేరున్న ఒప్పో 2018లోనే ఆపేసింది. ఉన్న ప్లేయర్‌ను జాగ్రత్తగా వాడుకోండి.

తాళం తీసినా మిగిలే అడ్డంకి 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు మారే బొమ్మ) సిగ్నల్. యూరప్ డిస్కుల్లో సినిమా 24 మీద ఉన్నా, టీవీ కోసం తీసిన అదనపు కార్యక్రమాలు 50 హెర్ట్జ్‌లో ఉంటాయి. అమెరికా మార్కెట్ టీవీలు కొన్ని ఆ సిగ్నల్‌ను తీసుకోవు, తెర నల్లగా ఉండిపోతుంది. 50ని 60కి మార్చే ప్లేయర్ అయితే ఈ బెడద లేదు.

ప్లేయర్‌లో 24పీ (సెకనుకు 24 ఫ్రేముల) అవుట్‌పుట్ ఆన్ చేయండి. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేదంటే ఓజు సినిమా కూడా సీరియల్‌లా జారుతుంది. షార్ప్‌నెస్ తగ్గించండి, ఓవర్‌స్కాన్ (బొమ్మ అంచులు కోసేయడం) తీసేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీలో అదొక్కటి నొక్కితే వీటిలో చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. షార్ప్‌నెస్ పెంచి ఉంచిన టీవీలో చూసి "ఈ డిస్కులో గ్రెయిన్ ఎక్కువ" అని తిట్టుకోవడం తరచుగా జరిగేదే.

ముందు ఏది, తర్వాత ఏది

కంపెనీల దగ్గర సినిమా హక్కులు కొన్నేళ్లకే ఉంటాయి. 2010లో స్టూడియో కెనాల్ అనే హక్కుదారు సినిమాలు క్రైటీరియన్ చేయి జారినప్పుడు 'ద థర్డ్ మ్యాన్' సహా చాలా డిస్కులు అచ్చు ఆగిపోయి, పాత సరుకు ధర అమాంతం పెరిగింది. కంపెనీ సొంత సినిమాలకు తొందర లేదు, అవి సగం ధర సేల్‌లో మళ్లీ మళ్లీ వస్తాయి. పరిమిత సంఖ్యలో వేసే పెట్టెలు, ఒకే దేశంలో ఒకే కంపెనీ వేసిన అరుదైన దర్శకుల సినిమాలు ముందు కొనాలి. మార్టిన్ స్కోర్సేసీ 1990లో స్థాపించిన ఫిల్మ్ ఫౌండేషన్, అది 2007లో మొదలుపెట్టిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ బతికించిన ఆఫ్రికా, ఆసియా సినిమాలు ఇందులోకే వస్తాయి.

బ్లూ-రే ఉండగా 4కె కొనాలా? ఆ బ్లూ-రే అదే 4కె రిస్టొరేషన్ నుంచి వచ్చి ఉంటే, మామూలు టీవీలో, మామూలు దూరంలో, నలుపు తెలుపు సినిమాకు తేడా స్వల్పం. ప్రొజెక్టర్ ఉన్నవారికి, పెద్ద ఫార్మాట్‌లో రంగుల్లో తీసిన సినిమాలకు తేడా బాగానే ఉంటుంది. బ్లూ-రే పాత మాస్టర్‌దైతే మాత్రం ఆలోచించక్కర్లేదు, మార్చేయండి. చాలా పాత డీవీడీల్లో వెడల్పు సినిమా నాలుగు వైపులా నలుపుతో తెర మధ్య చిన్న పటంలా కనిపిస్తుంది. వాటిని అన్నిటికంటే ముందు మార్చాలి.

సెకండ్ హ్యాండ్, నకిలీ

అచ్చు ఆగిన సినిమాలకు నకిలీలు ఎక్కువ. డిస్కును తిప్పి, మధ్య రంధ్రం చుట్టూ ఉండే అద్దం లాంటి వలయాన్ని టార్చి వెలుగులో వాల్చి చూడండి. ఫ్యాక్టరీలో అచ్చేసిన డిస్కుకు అక్కడ సన్నటి అక్షరాల్లో ఐఎఫ్‌పీఐ అన్న గుర్తు, పక్కన కోడ్ ఉంటాయి. ఎల్‌తో మొదలయ్యే కోడ్ మాస్టర్ చేసిన చోటుది, ఇంకొకటి అచ్చు మూసది. రెండూ లేకపోయినా, గీకేసినట్టున్నా వద్దు. ఇంట్లో కాల్చిన డీవీడీ అడుగు ఊదా రంగులో ఉంటుంది, అచ్చుది వెండి రంగు. బ్లూ-రేకు రంగు మీద ఆధారపడలేం. కాల్చినదాంట్లో రాసిన భాగానికీ ఖాళీకీ మధ్య ఛాయ మారిన చోట గీత కనిపిస్తుంది.

గీతల విషయంలో డీవీడీకీ బ్లూ-రేకీ చాలా తేడా. డీవీడీ డేటా ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, పైపొరను పాలిష్ పట్టి కాపాడొచ్చు. బ్లూ-రే డేటా 0.1 మిల్లీమీటరు లోతునే ఉంటుంది. దాని మీద గట్టి పూత ఉన్నందువల్ల సులువుగా గీత పడదు, పడితే మాత్రం పాలిష్ పనిచేయదు. వెలుగుకు అడ్డంగా పట్టినప్పుడు సూది బెజ్జాలు కనిపించినా, అంచు నుంచి కంచు రంగు లోపలికి పాకుతున్నా లోపలి పొర చెడుతోందని అర్థం. దానికి మందు లేదు.

వచ్చిన వెంటనే, దాచేటప్పుడు

డిస్కు అందిన వారంలోనే మొత్తం ఆడించండి. వెనక్కి పంపే గడువు దాటాక తెలిసి లాభం లేదు. ఎక్కువగా ఆగిపోయేది పొర మారే చోట. మొదటి పొర మధ్య నుంచి అంచుకు చదువుతుంది, మారేది బయటి అంచు దగ్గర, మనం వేళ్లతో పట్టుకునేది కూడా అక్కడే. నిండుగా ఉన్న మూడు పొరల 4కె డిస్కులో ఈ మార్పు సినిమా మూడో వంతు దగ్గర ఒకసారి, రెండు వంతుల దగ్గర ఇంకోసారి వస్తుంది. అక్కడ ఆగితే ముందు మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిచారో, గీత ట్రాక్ వెంట పడి ప్లేయర్ సరిదిద్దుకోలేదు. జిడ్డుంటే డిస్టిల్డ్ వాటర్ చాలు, అద్దాలు తుడిచే ద్రావకాలు వద్దు. అయినా అక్కడే ఆగితే మార్పిడి అడగండి.

డిస్కుల మీద స్టిక్కర్లు అంటించొద్దు, జిగురు పొరను తింటుంది, బరువు తేడాకు డిస్కు ఊగుతుంది. నిలువుగా, ఎండ తగలని చోట, 20 డిగ్రీల లోపు, తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండేలా దాచండి. బిగుతైన అట్ట జేబులున్న పెట్టెలు తీసిన ప్రతిసారీ డిస్కును గీస్తాయి. అలాంటివాటికి మెత్తటి లోపలి కవర్లు కొని, ఖాళీ పెట్టెను పక్కన పెట్టుకోవడం మేలు.

ఒక జాబితా రాసుకోండి: సినిమా అసలు పేరు, దర్శకుడు, సంవత్సరం, కంపెనీ, బార్‌కోడ్, రీజియన్, మాస్టర్ సంవత్సరం, నిడివి, సబ్‌టైటిల్స్ భాషలు. వీటిలో మాస్టర్ సంవత్సరం గడి ఖాళీగా వదలొద్దు. రేపు అదే సినిమాకు కొత్త డిస్కు ప్రకటించినప్పుడు ముందు చూసుకోవాల్సింది ఆ గడినే. సంవత్సరం, ల్యాబ్ అవే అయితే మీ దగ్గరున్నది చాలు.